పదకొండు గంటలకు మొదలయ్యే ఊళ

ప్రశ్న: మేము బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. మాకు ఏడేళ్ల మగ లాబ్రడార్ ఉంది, పేరు బంటి, బరువు 41 కిలోలు. ఇన్నేళ్లూ మేమిద్దరం ఆఫీసుకు వెళ్లినా వాడు బుద్ధిగా పడుకునేవాడు. నెల రోజులుగా నన్ను ఒక్క క్షణం వదలడం లేదు. వంటింట్లోకే కాదు, స్నానాల గది తలుపు దాకా వస్తున్నాడు. మేము లేనప్పుడు వీధి తలుపును చెక్క లేచేలా గీకుతున్నాడు. పొద్దున పదకొండు ప్రాంతంలో ఊళ పెట్టడం మొదలవుతుందని, కొన్ని రోజులు మాత్రం అసలు చప్పుడే ఉండదని ఎదురింటావిడ చెబుతోంది. నాలుగు నెలలు మా దగ్గరున్న అత్తగారు ఫిబ్రవరిలో మదనపల్లె వెళ్లిపోయారు. ఆవిడ గారాబమే వాడిని పాడుచేసిందని మావారి అభిప్రాయం. తలుపు గీకినందుకు పేపరు చుట్టి రెండు దెబ్బలు కూడా వేశారు. ఈమధ్య పిలిచినా సోఫా ఎక్కడం లేదు, అలిగాడనుకుంటున్నాం. మార్చిలో హాల్లో కంప్యూటరు, దానికో యూపీఎస్ పెట్టుకోవడం తప్ప ఇంట్లో వేరే మార్పేమీ లేదు. ప్రస్తుతం బాల్కనీలో ఉంచి తలుపు వేసి వెళ్తున్నాం. రెండో కుక్కను తెచ్చుకుంటే తగ్గుతుందా? పెట్‌షాపు అతను చెప్పిన నిద్రమాత్ర వేయవచ్చా? నెల రోజులు ట్రైనింగ్ సెంటరులో వదిలితే మేలా? అపార్ట్‌మెంటు గ్రూపులో ఫిర్యాదులు మొదలయ్యాయి. — ఒక పాఠకురాలు

సమాధానం: మీరు ఉత్తరంలో అత్తగారి గారాబం గురించి వివరంగా రాసి, మూడు విషయాలను మాత్రం ఒక్కొక్క వాక్యంతో దాటేశారు. ఊళ పదకొండు గంటలకు మొదలవడం, కొన్ని రోజులు అసలు వినిపించకపోవడం, వాడు సోఫా ఎక్కడం మానేయడం అనే ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బంటి కథ మీరు అనుకుంటున్న దారిలో నడవడం లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఉత్తరం చదివి రోగనిర్ధారణ చేయడం సాధ్యం కాదు కాబట్టి నేను చెప్పేది ఊహే, అయితే అది నిజమో కాదో మీరు ఇంట్లోనే చాలావరకు తేల్చుకోగలరు.

ఎడబాటు భయం, అంటే వైద్యులు సెపరేషన్ యాంగ్జయిటీ అని పిలిచే సమస్య, ఉన్న కుక్క సాధారణంగా యజమాని గడప దాటిన మొదటి అరగంటలోనే బయటపడుతుంది. తాళం పడిన చప్పుడుతోనే గుమ్మం దగ్గర తచ్చాడడం, రొప్పడం, చొంగ కార్చడం, ఇష్టమైన తిండిని కూడా ముట్టకపోవడం, ఊళ పెట్టడం కనిపిస్తాయి, పైగా ఇది దాదాపు వెళ్లిన ప్రతిసారీ జరుగుతుంది. మీరు తొమ్మిదింటికి బయలుదేరుతారనుకుంటే, రెండు గంటలు ఊరుకుని పదకొండింటికి భయపడడం, అదీ కొన్ని రోజులే భయపడడం ఆ లక్షణాలకు సరిపోదు. ఆ సమయంలో, ఆ రోజుల్లో మాత్రమే ఇంట్లో ఏదో జరుగుతోంది. నాకు మీ యూపీఎస్ మీద అనుమానంగా ఉంది. కరెంటు పోయినప్పుడు అది కొన్ని క్షణాలకొకసారి కీచుమని మోగుతుంది, బ్యాటరీ అడుగంటే వేళకు ఆగకుండా మోగుతుంది. ఇంట్లో మనిషి ఉంటే లేచి బటన్ నొక్కుతారు. బంటి ఒక్కడే ఉన్నప్పుడు ఆ కూత ఎక్కడి నుంచి వస్తోందో, ఎప్పుడు ఆగుతుందో వాడికి తెలియదు, తప్పించుకునే దారీ లేదు. వాడు గీకుతున్నది వీధి తలుపునే అన్న సంగతి కూడా గమనించండి.

దీన్ని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. మరమ్మతుల కోసం పగటిపూట కరెంటు తీసే ప్రాంతాల వివరాలను బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాం ముందుగానే ప్రకటిస్తుంది, మీ అపార్ట్‌మెంటులో జనరేటరు ఎప్పుడు వేశారో వాచ్‌మన్ దగ్గర తెలుస్తుంది. ఎదురింటావిడ చెప్పిన రోజులను వాటితో పోల్చి చూడండి. మూలన పడి ఉన్న పాత ఫోనును హాల్లో ఎత్తుగా పెట్టి, మీరు వెళ్లినప్పటి నుంచి వీడియో తీయండి. కూత మొదలవగానే తల ఎత్తి, చెవులు వెనక్కి వంచి, పెదవులు నాక్కుంటూ లేచి తిరగడం కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. అలాకాక, మీరు లిఫ్ట్ ఎక్కకముందే వాడు తలుపు దగ్గర ఏడుస్తూ కనిపిస్తే నా ఊహ తప్పినట్టే, అప్పుడు అసలైన ఎడబాటు భయానికి కింద చెప్పిన సాధనే ముఖ్యమవుతుంది. ఏది నిజమైనా యూపీఎస్ కూతను ఈ రోజే ఆపేయండి. చాలావాటికి మ్యూట్ బటన్ ఉంటుంది, లేకపోతే మీరు ఇంట్లో లేని వేళ దాన్ని పూర్తిగా ఆపి వెళ్లండి.

ఇక సోఫా సంగతి. కుక్కలు అలిగి సోఫా మానేయవు. ఏడేళ్ల వయసున్న, 41 కిలోల లాబ్రడార్ ఎక్కడం మానేసిందంటే ముందుగా తుంటి, మోచేతి కీళ్లను, వెన్నును అనుమానించాలి. మగ లాబ్రడార్‌కు 29 నుంచి 36 కిలోలు సాధారణమైన బరువు అని చెబుతారు కాబట్టి, ఎముకల నిర్మాణం ఎంత పెద్దదైనా మీవాడు మోయాల్సినదానికంటే ఎక్కువ మోస్తున్నాడు. నొప్పికీ భయానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. బ్రిటన్, బ్రెజిల్ పరిశోధకులు 2018లో శబ్దాలకు భయపడే 20 కుక్కలను పరిశీలించి, వాటిలో కీళ్లు, కండరాల నొప్పి ఉన్న కుక్కలకు ఆ భయం మిగిలినవాటికంటే చాలా పెద్ద వయసులో మొదలైందని గుర్తించారు. అది చిన్న పరిశీలనే అయినా వారు ఇచ్చిన వివరణ సబబుగా ఉంది. హఠాత్తుగా శబ్దం వినబడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్నప్పుడు నొప్పి ఉన్నచోట చురుక్కుమంటుంది, దాంతో శబ్దానికీ నొప్పికీ కుక్క మనసులో ముడి పడిపోతుంది. ఆరేళ్లు ఏ చప్పుడునూ లెక్కచేయని బంటి ఏడో ఏట ఒక చిన్న కూతకు ఇంత బెదిరిపోతున్నాడంటే ఈ ముడిని తోసిపుచ్చలేం. ఆ బెదురు ఒంటరిగా ఉన్నప్పుడే కలిగింది కాబట్టి ఒంటరితనమే ప్రమాదమని వాడు తీర్మానించుకున్నాడు, మీరు ఇంట్లో ఉన్నప్పుడు స్నానాల గది దాకా వెంటపడటం అందుకే.

కాబట్టి ఏ శిక్షణకైనా ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కుక్క నడకను చూసి, కీళ్లను కదిపి పరీక్షించమని, అవసరమైతే ఎక్స్‌రే తీయమని అడగండి. హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దూరమే, దగ్గరలో ఎక్స్‌రే ఉన్న క్లినిక్ ఉంటే అక్కడికైనా సరే. తుంటికి సరైన ఎక్స్‌రే తీయడానికి కొన్నిసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి ఆ రోజు పొద్దున ఆహారం పెట్టాలా వద్దా అన్నది ముందుగా ఫోను చేసి కనుక్కోండి. దాంతోపాటు రక్తపరీక్ష చేయించండి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు సర్వసాధారణం. ఎర్లికియా వంటి క్రిమి కొన్ని నెలల పాటు బయటపడకుండా ఒంట్లో ఉండి, తర్వాత ఒళ్లు నొప్పులు, మందకొడితనంతో తలెత్తగలదు, ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గడం దానికి ఒక సూచన. లాబ్రడార్లలో థైరాయిడ్ లోపాన్నీ, చెవిలో, పంటిలో నొప్పినీ, చూపు మందగించడాన్నీ ఇదే సందర్భంలో చూడమనాలి. నొప్పి ఉందని తేలితే కుక్కల కోసం తయారైన మందునే, వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి. మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, పారాసిటమాల్ బిళ్లలను దయచేసి వేయవద్దు, అవి కుక్కల కడుపును, మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం మీదికి తేగలవు.

మీవారికి కూడా సమాధానం చెప్పాలి కదా. ప్రేమగా చూడటం వల్ల ఏ కుక్కకూ భయం పుట్టదు, భయపడిన కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందన్న మాటలోనూ నిజం లేదు. అత్తగారి మీద వేయగలిగిన నేరం ఒక్కటే, అది బహుశా తిండి విషయంలో. నేతి ఇడ్లీ, మిగిలిన ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు అన్నీ వాడి కీళ్ల మీదికే చేరి ఉంటాయి. 48 లాబ్రడార్ పిల్లలను జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, తోటివాటికంటే 25 శాతం తక్కువ ఆహారం తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్లవాతం ఆలస్యంగా వచ్చింది. ఇడ్లీ ముక్క పెట్టినప్పుడు ఆ మేరకు మామూలు తిండిలో తగ్గించాలని అత్తగారికి చెప్పండి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఏ రూపంలోనూ పెట్టవద్దని గట్టిగా చెప్పండి.

పేపరు దెబ్బలు మాత్రం ఇక ఉండకూడదు. సాయంత్రం ఏడింటికి పడిన దెబ్బను పొద్దున పదకొండింటికి గీకిన తలుపుతో ముడిపెట్టుకోవడం కుక్కకు సాధ్యం కాదు. తల వంచి, చూపు తప్పించి నిలబడినంత మాత్రాన తప్పు తెలుసుకున్నాడనుకోవడం మన భ్రమ. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2009లో చేసిన ప్రయోగంలో, కుక్క నిజంగా తప్పు చేసినా చేయకపోయినా, యజమాని కోప్పడినప్పుడు ఆ ముఖం ఎక్కువగా పెడుతుందని తేలింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, మీ కోపానికి వాడి జవాబు. ఒంటరిగా ఉంటే కూత, మీరు వస్తే దెబ్బ అన్నది అలవాటైతే, వాడికి మీ రాక కూడా భయమే అవుతుంది.

బాల్కనీని ఈ రోజే మానేయండి. ఏప్రిల్ ఎండలో లాబ్రడార్‌కు వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది, బెదిరిన కుక్క పిట్టగోడ దూకిన సందర్భాలూ ఉన్నాయి. పైగా అక్కడి నుంచి ఊళ పక్క బ్లాకు దాకా వినబడుతుంది. బోనులో పెట్టమని ఎవరైనా చెప్పినా అదీ వద్దు, ఈ స్థితిలో ఉన్న కుక్క ఊచలను కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది.

ఇప్పుడు సాధన గురించి చెబుతాను, ఇది ఓపిక కోరే పని. మొదటి షరతు ఏమిటంటే, సాధన సాగుతున్న వారాల్లో బంటి తట్టుకోలేనంతసేపు ఒంటరిగా ఉండకూడదు. పొద్దున ఐదు నిమిషాలు నేర్పి తర్వాత తొమ్మిది గంటలు వదిలి వెళ్తే నేర్పినదంతా ఆ పూటే తుడిచిపెట్టుకుపోతుంది. మీ ఇద్దరి ఇంటి నుంచి పనిచేసే రోజులు ఒకే రోజున పడకుండా సర్దుకోండి, మిగిలిన రోజులకు పగటిపూట కుక్కలను చూసుకునే చోటు గాని, వాడికి చనువున్న మనిషి గాని కావాలి. మదనపల్లె ఎంతో దూరం కాదు, అత్తగారు కొన్ని వారాలు వచ్చి ఉండగలిగితే అంతకంటే మంచిది లేదు. అయితే ఆవిడ కాపలా ఉండటంతో సరిపెట్టకుండా, తానూ గదిలోంచి బయటికి వెళ్లి రావడం రోజూ చేయాలి, లేకపోతే ఆవిడ ఊరికి వెళ్లిన రోజు మళ్లీ మొదటికొస్తారు.

సాధనను వీధి తలుపు దగ్గర కాకుండా స్నానాల గది తలుపు దగ్గర మొదలుపెట్టండి. హాల్లో వాడి కీళ్లకు సుఖంగా ఉండే మందపాటి పరుపు వేసి, దాని మీద కూర్చున్నప్పుడల్లా ఉడికించిన కోడిమాంసం ముక్క చిన్నది ఇస్తూ, ఆ చోటును ఇష్టపడేలా చేయండి. తర్వాత మీరు స్నానాల గదిలోకి వెళ్లి తలుపు మూసి, వాడు లేచేలోగా బయటికి రండి. మొదట్లో రెండు మూడు క్షణాలే వీలుకావచ్చు, అది చాలు. మరోపక్క, మీరు బయలుదేరే సూచనల పదును తగ్గించాలి. ఐడీ కార్డు మెళ్లో వేసుకుని కూరగాయలు తరగండి, తాళంచెవులు తీసుకుని వెళ్లి టీవీ ముందు కూర్చోండి, బూట్లు తొడుక్కుని బట్టలు మడతపెట్టండి. ఐడీ కార్డు పట్టీ చప్పుడుకే తోక ముడిచే కుక్క, అది మెళ్లో ఉన్నా మీరు కదలకపోవడాన్ని పదేపదే చూస్తే, క్రమంగా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

ఆ తర్వాతే వీధి తలుపు. బయటికి అడుగుపెట్టి, ఫోనులో వాడిని చూస్తూ, వాడు కలవరపడకముందే లోపలికి రావాలి. ఏడుపు మొదలయ్యాక రావడం కాదు, మొదలయ్యేలోపు రావడం ఇందులో కీలకం. అలాగని ఏడుస్తున్నప్పుడు లోపలికి వస్తే మొండితనం నేర్పినట్టవుతుందని బయటే నిలబడవద్దు, వెంటనే వెళ్లి, మర్నాడు వ్యవధిని సగానికి తగ్గించండి. వ్యవధిని ప్రతిసారీ పెంచుకుంటూ పోవడం కూడా పొరపాటే. పది క్షణాలు, ముప్పై, పదిహేను, నిమిషం, మళ్లీ ఇరవై క్షణాలు అన్నట్టు హెచ్చుతగ్గులుగా ఉంటే, ఈసారి ఎంతసేపో అని వాడు లెక్కపెట్టుకోడు. రోజుకొక పూట పదిహేను, ఇరవై నిమిషాల సాధన సరిపోతుంది, వారంలో ఒకటి రెండు రోజులు సెలవు ఇవ్వండి. కష్టమంతా మొదటి నలభై నిమిషాల వ్యవధి చేరుకునేదాకానే, అది దాటాక గంట నుంచి రెండు గంటలకు ఎదగడం సాధారణంగా త్వరగా జరుగుతుంది.

వెళ్లేటప్పుడు ఉప్పు వేయని పెరుగన్నాన్ని బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో కూరి, రాత్రంతా ఫ్రీజరులో పెట్టి ఇస్తే, వాడు దాన్ని నాకుతూ కాలక్షేపం చేస్తాడు. అది మందు కాదు గాని మంచి కొలమానం. మీరు తిరిగి వచ్చేసరికి బొమ్మ అలాగే ఉండి, మిమ్మల్ని చూశాకే గబగబా తినడం మొదలుపెడితే, ఆ రోజు వ్యవధి వాడి శక్తికి మించిందని అర్థం.

యూపీఎస్ కూత మీద విడిగా పనిచేయాలి, ఎందుకంటే లిఫ్ట్‌లోనో పక్కింట్లోనో అలాంటి చప్పుడు మళ్లీ వినబడక మానదు. ఆ కూతను ఫోనులో రికార్డు చేసి, చెవి ఒగ్గితే తప్ప వినిపించనంత చిన్నగా పెట్టి, వినిపించిన ప్రతిసారీ వెంటనే ఒక మాంసం ముక్క ఇవ్వండి. వాడు కూత వినగానే మీ చేతివైపు చూడటం మొదలుపెట్టాక, కొన్ని రోజులకొకసారి కొంచెం కొంచెంగా పెంచండి. నొప్పికి మందు మొదలై పనిచేసేదాకా ఈ భాగాన్ని ఆపడం మంచిది.

మీ మిగిలిన ప్రశ్నలకు వస్తే, రెండో కుక్క వద్దు. వాడు వెతుకుతున్నది మనుషులను, కొత్త కుక్క వచ్చినా ఆ లోటు తీరకపోవచ్చు, భయం మాత్రం దానికీ అంటుకోవచ్చు. ట్రైనింగ్ సెంటరు కూడా వద్దు, ఈ భయం మీ హాల్లో, మీ తలుపు దగ్గర పుట్టింది, అక్కడే పోవాలి. మొరిగితే షాక్ ఇచ్చే పట్టీల గురించి మీరు అడగలేదు, ఎవరైనా సలహా ఇచ్చినా వినకండి.

పెట్‌షాపు నిద్రమాత్ర విషయంలో కొంత వివరంగా చెప్పాలి. మందులు వాడకూడదని నేను అనడం లేదు, అయితే ఎసిప్రొమజీన్ వంటి మత్తుమందు ఒక్కటే ఇస్తే కాళ్లు కదలవు గాని భయం అలాగే ఉంటుంది, చూసేవాళ్లకు కుక్క నెమ్మదించినట్టు కనిపిస్తుంది. అసలైన ఎడబాటు భయానికి వేరే మందులు ఉన్నాయి. క్లోమిప్రమీన్‌కు 1998లో, ఫ్లుయోక్సెటిన్‌కు 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ సమస్యకే అనుమతి ఇచ్చింది. అవి పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, సాధనతో కలిపి వాడితేనే ప్రయోజనం, వైద్యుడు చెప్పకుండా మధ్యలో హఠాత్తుగా ఆపకూడదు. కూత ఆపి, నొప్పికి చికిత్స జరిగి, రెండు మూడు వారాలు సాధన చేశాక కూడా బంటి కొన్ని నిమిషాలైనా నిలదొక్కుకోలేకపోతే, వీడియోలు చూపించి ఈ మందుల గురించి మీ వైద్యుడిని అడగండి. అలా అడగడం మీ ఓటమి అని మాత్రం అనుకోవద్దు.

గ్రూపులో ఫిర్యాదుల విషయానికొస్తే, భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో కుక్కను పెంచుకోవడాన్ని నిషేధించే అధికారం నివాసుల సంఘానికి లేదు, మొరుగుతోందన్న కారణం కూడా అందుకు చాలదు. అయితే ఆ కాగితాన్ని మీరే ముందుగా గ్రూపులో పెడితే మాటా మాటా పెరుగుతుంది, ఎవరైనా కుక్కను పంపించేయమన్నప్పుడు చూపించడానికి దగ్గర ఉంచుకోండి. ఇప్పటికి, కుక్కకు వైద్యం మొదలైందని, బాల్కనీలో ఉంచడం మానేశామని, కొన్ని వారాలు పడుతుందని ఒక్క సందేశం పెట్టి ఊరుకోండి. ఎదురింటావిడను మాత్రం స్వయంగా కలిసి, ఊళ వినబడిన రోజు, సమయం, అప్పుడు కరెంటు ఉందా లేదా అన్న మూడు విషయాలను మీకు వాట్సాప్‌లో పంపమని కోరండి. ఆవిడకు ఇబ్బంది కలిగిన మాట నిజమే కాబట్టి ముందు క్షమాపణ చెప్పి, ఆ తర్వాత ఈ సాయం అడగండి. పదకొండింటి సంగతి గమనించి చెప్పినది ఆవిడే కనుక కాదనకపోవచ్చు, ఆ వివరాలను వీడియోతో పాటు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.